గురక పెట్టేవాళ్ళతో ఒకే గదిలో: సెలవుల్లో నిద్ర దక్కించుకోవడం

విహారయాత్రకు గది తీసుకునేటప్పుడు ఏసీ ఉందా, వేణ్ణీళ్ళు వస్తాయా, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అని వంద ప్రశ్నలు వేస్తాం. పక్క మంచంలో పడుకోబోయే మనిషిని మాత్రం గురక పెడతావా అని అడగం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం. ఆ మొహమాటమే తర్వాత రాత్రంతా జాగారం చేయిస్తుంది, తెల్లారాక ఇద్దరి మధ్యా చిరాకు మిగులుస్తుంది.

అడిగినా సరైన జవాబు దొరక్కపోవచ్చు. గురక పెట్టేవారికి తమ గురక వినపడదు. పైగా ఇంటి దగ్గర నిశ్శబ్దంగా పడుకునేవాళ్ళు కూడా ప్రయాణంలో పెడతారు. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి; అంగిలి వెనక ఉండే మెత్తటి భాగం, కొండనాలుక, నాలుక మొదలు వదులై గాలి దారిని ఇరుకు చేస్తాయి. ఇరుకులో గాలి వేగం పెరిగి వాటిని అదిరిస్తుంది. ఆ అదురే గురక. ఈ ఇరుకును పెంచేవన్నీ ప్రయాణంలో ఒక్కచోట చేరతాయి. రోజంతా తిరిగిన అలసటకి కండరాలు మరింత వదులవుతాయి. విమానంలో గాలి తేమ సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది కాబట్టి ముక్కు ఎండిపోయి, దిబ్బడ వేసి, నోటితో పీల్చడం మొదలవుతుంది. భోజనం ఆలస్యం, మందు మామూలు కంటే ఒక గ్లాసు ఎక్కువ, ఎత్తు కుదరని కొత్త దిండు. కాబట్టి "నేను ఇంట్లో గురక పెట్టను" అన్నది నిజమే అయినా దాన్ని నమ్ముకుని గది తీసుకోకండి.

వినేవారి రాత్రి ఎలా గడుస్తుందో దీపం ఆర్పే లోపలే చాలావరకు తేలిపోతుంది. గది ఎలాంటిది, ముందు ఎవరు నిద్రపోయారు, చెవిలో ప్లగ్గు సరిగ్గా దిగిందా లేదా. ఈ మూడూ కుదిరితే మిగతా చిట్కాల అవసరం పెద్దగా రాదు.

గది సంగతి

గది చూసేటప్పుడు పడకలు ఎన్ని అన్నదాని కంటే మధ్యలో తలుపు ఉందా అన్నది ముఖ్యం. ఒకే పెద్ద గదిలో మూడు మంచాలు వేసినదాని కంటే, చిన్నదైనా తలుపున్న పడకగది, బయట హాల్లో ఒక సోఫా బెడ్ ఉన్నది నయం. ఫొటోల్లో తెర కట్టో, చెక్క అల్మరా అడ్డంపెట్టో "విడి పడక" అని చూపిస్తుంటారు. తెర గురకను ఆపదు. మామూలు చెక్క తలుపు మూస్తే దాదాపు 20 డెసిబెళ్ళు తగ్గుతుంది, అదీ కింద సందు లేకపోతే. సందు ఉంటే ఒక టవల్ చుట్టి తలుపు అడుగున పెట్టండి. రెండు నిమిషాల పని, తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

ఒకే గదిలో మంచాల్ని అటూ ఇటూ జరిపితే ఒరిగేది తక్కువ. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి అంత తగ్గదు. అయినా రెండు మంచాల తలవైపులూ ఒకే గోడకి ఉంటే, వినేవారు దిండును కాళ్ళవైపు మార్చుకుని తిరగబడి పడుకోవచ్చు. ఏమీ ఖర్చు లేకుండా రెండు తలల మధ్య దాదాపు రెండు మీటర్ల ఎడం వస్తుంది. గుడారాల్లో మాత్రం దూరమే దిక్కు, గుడ్డ ఏమీ ఆపదు. 3 మీటర్ల ఎడంలో వేసిన గుడారాన్ని 12 మీటర్లకి జరిపితే దూరం రెండుసార్లు రెట్టింపయింది, అంటే 12 డెసిబెళ్ళ దాకా లాభం.

నలుగురైదుగురు రెండు గదులు తీసుకుంటే వయసును బట్టో చుట్టరికాన్ని బట్టో పంచుకోవడం అలవాటు. దాని బదులు గురక పెట్టేవాళ్ళందరినీ ఒక గదిలో, నిద్ర పలచగా ఉండేవాళ్ళని ఇంకో గదిలో వెయ్యండి. ఇద్దరూ గురక పెట్టేవాళ్ళయితే ఎవరు ముందు నిద్రపోతే వాళ్ళది పైచేయి, అది వాళ్ళు చూసుకుంటారు. యాత్ర వారం పైన ఉంటే మధ్యలో ఒక్క రాత్రికి అదనపు గది తీసుకోవడం కూడా ఆలోచించదగ్గదే. ఒక నిండు నిద్ర దొరికితే మిగతా రోజులు సర్దుకుపోవచ్చు.

ఎవరు ముందు పడుకోవాలి

గాఢనిద్ర రాత్రి మొదటి మూడో వంతులోనే ఎక్కువ. ఆ దశలో మనిషిని లేపడం కష్టం; నిద్ర పట్టబోతున్నప్పుడు మాత్రం చిన్న చప్పుడుకే లేస్తాం. అందుకని వినేవారు గురక పెట్టేవారి కంటే 30 నుంచి 45 నిమిషాలు ముందు పడుకోవాలి. రెండోవాళ్ళు ఆ కాసేపూ బయట నడిచో, వరండాలో కూర్చునో, ఫోన్ వెలుగు తగ్గించి చదువుకునో గడపాలి. దీనికి ఏ వస్తువూ అక్కర్లేదు. అయినా చాలామంది చెయ్యరు, ఎందుకంటే రోజంతా కలిసి తిరిగినవాళ్ళు ఒకేసారి గదికి వచ్చి ఒకేసారి దీపం ఆర్పేస్తారు. గురక పెట్టేవాళ్ళు సాధారణంగా తలవాల్చిన వెంటనే నిద్రలోకి జారుకుంటారు కాబట్టి ఈ పందెంలో వాళ్ళు ఓడడం అరుదు.

చెవిలో ప్లగ్గు

పక్క మంచానికి గురక సుమారు 50, 60 డెసిబెళ్ళ స్థాయిలో వినపడుతుంది. గట్టిగా పెట్టేవాళ్ళది 80 దాటడమూ ఉంది. దాని బలమంతా మంద్రధ్వనిలో, ఎక్కువగా 500 హెర్ట్జ్‌ల లోపు ఉంటుంది. చెవిని మూసే సాధనాలన్నీ కీచు శబ్దాన్ని బాగా ఆపి, మంద్రాన్ని తక్కువ ఆపుతాయి. ప్లగ్గు పెట్టుకున్నా ఎక్కడో లోపల గుర్రుమంటున్నట్టు ఉండేది అందుకే.

అలాగని ప్లగ్గు దండగ కాదు. అది పనిచెయ్యలేదనేవాళ్ళలో చాలామందికి అసలు సరిగ్గా దిగి ఉండదు. ఫోమ్ ప్లగ్గును చెవి దగ్గర పెట్టి వేలితో నొక్కేస్తే సగం బయటే ఉంటుంది, పక్కల సందుల్లోంచి శబ్దం వచ్చేస్తుంది. పద్ధతి ఇది. చేతులు కడుక్కుని, ప్లగ్గును వేళ్ళ మధ్య ముడతలు పడకుండా సన్నటి పుల్లలా నులమండి. రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, వంకరగా ఉండే చెవి దారి తిన్నగా అవుతుంది. నులిమినదాన్ని ఆలస్యం చెయ్యకుండా లోపలికి జరిపి, అది ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలి కొనతో కదలకుండా పట్టుకోండి. అద్దంలో తిన్నగా చూసుకుంటే ప్లగ్గు చెవి బయటికి పొడుచుకుని కనపడకూడదు. ఇంకో పరీక్ష: అరచేతులతో రెండు చెవులూ గట్టిగా మూసి తీయండి. మూసినప్పుడూ తీసినప్పుడూ చుట్టూ ఉన్న శబ్దంలో పెద్ద తేడా లేకపోతే సరిగ్గా కూర్చున్నట్టే. తేడా తెలిస్తే తీసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఇది యాత్ర మొదటి రాత్రి చీకట్లో నేర్చుకునే పని కాదు, వారం ముందే ఇంట్లో రెండు మూడు సార్లు పెట్టుకుని చూడండి.

ప్లగ్గుల డబ్బా మీద ఎన్ఆర్ఆర్ అని ఒక అంకె ఉంటుంది, శబ్దాన్ని ఎన్ని డెసిబెళ్ళు తగ్గిస్తుందో చెప్పే కొలత అది. చెవి ప్లగ్గుల్లో అది 33 దాకా వెళ్తుంది. ఐరోపా సరుకు మీద ఎస్ఎన్ఆర్ అని వేరే కొలత ఉంటుంది కాబట్టి ఆ రెండు అంకెల్ని పోల్చకండి. ఈ కొలతలన్నీ ప్రయోగశాలలో తీసినవి, మన చెవిలో దాదాపు సగమే వస్తుందనుకుంటే మోసపోం. 60 డెసిబెళ్ళ గురక 44కి దిగినా తక్కువేమీ కాదు.

చెవి రంధ్రం చిన్నగా ఉన్నవాళ్ళు మామూలు సైజు పెట్టుకుంటే గంటకే నొప్పి మొదలై, నిద్రలో తెలియకుండానే పీకేస్తారు. వాళ్ళకి చిన్న సైజు ఫోమ్ దొరుకుతుంది. ఎప్పుడూ పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి మెత్తటి సిలికాన్ ముద్ద సుఖం. దాన్ని చెవి రంధ్రం పైన మూతలా పరచాలి, లోపలికి కుక్కకూడదు. శబ్దం ఆపడంలో సరిగ్గా దిగిన ఫోమ్‌కి అది సాధారణంగా సాటిరాదు. చిన్నపిల్లలకి ఇవేవీ వద్దు, ఊడి నోట్లోకి వెళ్తే ప్రమాదం. చెవి కారుతున్నవాళ్ళు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు కూడా పెట్టుకోకూడదు. పొద్దున్న తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా తిప్పుతూ తీయండి, లేకపోతే లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారి మారి చెవి నొప్పెడుతుంది. మురికి పట్టినా, నులిమితే మళ్ళీ ఉబ్బకపోయినా పారేయండి.

రెండు చెవులూ మూసుకుంటే అలారం కూడా వినపడదు. పొద్దున్నే బండి ఎక్కాల్సి ఉంటే చేతి గడియారంలోనో, దిండు కింద ఫోన్‌లోనో వైబ్రేషన్ పెట్టుకోండి. గదిలో పసిపిల్లలుంటే పెద్దవాళ్ళలో ఒకరు ప్లగ్గు లేకుండా పడుకోవాలి.

నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ గురించి అందరూ అడుగుతారు. మంద్రధ్వనిని తగ్గించడంలో అవి నిజంగా దిట్ట, ప్లగ్గు వదిలేసే చోటే ఇవి పట్టుకుంటాయి. చిక్కంతా వేరే చోట ఉంది. పక్కకి తిరిగితే చెవిలో గుచ్చుకుంటాయి. చాలావాటికి బ్యాటరీ రాత్రంతా రాదు, తెల్లవారుజామున "బ్యాటరీ అయిపోతోంది" అని అదే కూతపెట్టి లేపుతుంది. నిద్ర కోసమే పల్చగా చేసిన రకాలు వేరే ఉన్నాయి, కొంటే అవి కొనుక్కోండి. ప్లగ్గు పైన పెద్ద ఇయర్‌మఫ్ కూడా తగిలిస్తే రెట్టింపు ఫలితం వస్తుందనుకోవద్దు, 5 డెసిబెళ్ళ వరకు కలుస్తుందంతే.

గురక మీద వేరే శబ్దం కప్పడం

మనల్ని లేపేది గురక ఎంత గట్టిదన్నది ఒక్కటే కాదు, అది ఆగి ఆగి రావడం కూడా. నిలకడగా ఒకే రకంగా మోగే శబ్దం గదిలో ఉంటే ఆ ఎగుడుదిగుళ్ళు అందులో మునుగుతాయి. ఏసీలో ఫ్యాన్‌ను "ఆటో"లో ఉంచితే అది ఆగి మళ్ళీ మొదలవుతూ తనే ఇంకో గురక అవుతుంది. ఫ్యాన్‌ను ఆగకుండా తిరిగేలా పెట్టండి. సీలింగ్ ఫ్యాన్, టేబుల్ ఫ్యాన్ ఏదైనా సరే.

ఫోన్‌లో వైట్ నాయిస్ (ఆగకుండా ఒకేలా వచ్చే హోరు) పెట్టేవాళ్ళు రెండు విషయాలు గమనించాలి. ఫోన్ స్పీకరు మంద్రధ్వనిని సరిగ్గా పలకలేదు, సన్నటి "స్‌స్‌స్" మాత్రమే వస్తుంది. అది గురకను కప్పదు. రెండోది ఇంకా చిత్రం. ప్లగ్గు కీచు భాగాన్ని ఎక్కువ ఆపుతుంది కాబట్టి, ప్లగ్గు పెట్టుకుని వైట్ నాయిస్ వింటే కప్పే శబ్దం ఎక్కువ తగ్గిపోయి, గురక తక్కువ తగ్గి మిగులుతుంది. ప్లగ్గుతో కలిపి వాడేటప్పుడు బ్రౌన్ నాయిస్, జోరువాన, జలపాతం లాంటి బరువైన శబ్దం ఎంచుకుని, కాస్త పెద్ద బ్లూటూత్ స్పీకరులో పెట్టండి. స్పీకరును గురక పెట్టేవారి దగ్గర కాక మీ తలవైపు పెట్టండి, తక్కువ వాల్యూమ్‌కే పని జరుగుతుంది. నిద్ర పట్టగానే ఆగిపోయే టైమరు మాత్రం వద్దు.

గురక పెట్టేవారు చెయ్యాల్సినవి

భారమంతా వినేవారి మీదే వెయ్యడం న్యాయం కాదు. బయల్దేరే వారం ముందు రెండు మూడు రాత్రులు ఫోన్‌ను మంచానికి మీటరు దూరంలో పెట్టి నిద్రలో శబ్దం రికార్డు చేసుకుంటే ఎంత గట్టిగా, ఎప్పుడెప్పుడు వస్తోందో తెలుస్తుంది. ఏ భంగిమలో వస్తోందో ఇంట్లోవాళ్ళని చూడమనండి. వెల్లకిలా పడుకున్నప్పుడే వస్తుంటే సగం పరిష్కారం దొరికినట్టే. ఆ భంగిమలో నాలుక బరువుకి వెనక్కి జారుతుంది, పక్కకి తిరిగితే జారదు. నిద్రలో మళ్ళీ వెల్లకిలా తిరగకుండా వీపు వెనక పొడుగు దిండు ఒకటి ఆనించుకోవచ్చు. టీషర్టు వెనక, వీపు మధ్యకి వచ్చేలా జేబు కుట్టి టెన్నిస్ బంతి వెయ్యడం పాత ఉపాయం. అసౌకర్యమే, కానీ ఆ అసౌకర్యమే దాని పని.

తల ఎత్తు పెంచుకునేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. రెండు దిళ్ళు తల కింద మాత్రమే పెడితే గడ్డం ఛాతీకి ఆని గొంతు దారి ఇంకా ఇరుకవుతుంది. ఎత్తు భుజాల కిందినుంచే మొదలవ్వాలి. దుప్పటి మడిచి వీపు పైభాగం కింద పరిచి, దాని మీద ఒక్క దిండు వేసుకుంటే వాలు సరిగ్గా వస్తుంది.

మందు తాగితే పడుకోవడానికి మూడు నాలుగు గంటల ముందే ఆపాలి. దాని ప్రభావం రాత్రి మొదటి సగంలో ఎక్కువ, అంటే పక్కవారు నిద్రపోవడానికి అవస్థ పడే సమయంలోనే. నిద్రమాత్రలు, మగత తెప్పించే పాతతరం జలుబు మందులు కూడా కండరాల్ని సడలిస్తాయి. ప్రయాణం బడలిక తీరుతుందని వాటిని వేసుకుంటే గురక పెరగవచ్చు.

ముక్కు నుంచి వచ్చే గురకకి వేరే వైద్యం. అద్దం ముందు నిలబడి ముక్కుకి రెండు పక్కలా బుగ్గల్ని వేళ్ళతో మెల్లగా బయటికి లాగి గాలి పీల్చండి. పీల్చడం తేలికైతే ముక్కు పట్టీ మీకు పనిచేసే అవకాశం ఉంది, తేడా లేకపోతే కొనడం దండగ. పట్టీ వేసే ముందు ముక్కు మీది జిడ్డు, క్రీము సబ్బుతో కడిగి తుడవాలి. ముక్కుపుటాలు ఉబ్బే చోటికి కొంచెం పైన, అడ్డంగా పెట్టి అర నిమిషం నొక్కాలి. మరీ పైన, ఎముక మీద వేస్తే ఏమీ లాభం లేదు. పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళతో తడిపి తీస్తే చర్మం లేవదు. దిబ్బడకి పడుకునే ముందు సెలైన్ స్ప్రే మంచిది. ముక్కు కడుక్కునే అలవాటు ఉంటే కనీసం ఒక నిమిషం మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడండి, కుళాయి నీళ్ళు వద్దు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ ఉన్న చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి గానీ మూడు రోజులు దాటి వాడితే దిబ్బడ మొదటికంటే ఎక్కువై తిరిగి వస్తుంది. వాటిని యాత్రలో గట్టి రాత్రులకి దాచుకోండి. రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడొద్దు.

కింది దవడను ముందుకు జరిపి పట్టే నోటి పరికరం నాలుక వల్ల వచ్చే గురకకి బాగా పనిచేస్తుంది. అది అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మొదట్లో చొంగ కారడం, పొద్దున్న దవడ నొప్పి మామూలే. కదిలే పళ్ళు, దవడ కీలు నొప్పి ఉంటే పళ్ళ డాక్టరు చూశాకే. ప్రయాణానికి ముందురోజు కొని సంచిలో పడేసుకోవడం వృథా ఖర్చు. గొంతులో కొట్టుకునే గురక స్ప్రేల మీద, గడ్డం కట్టే పట్టీల మీద నాకు నమ్మకం లేదు. నోటికి టేపు అంటించుకోవడమైతే అసలు వద్దు, ముక్కు మూసుకుపోయిన మనిషికి అది ప్రమాదం.

గొంతు కండరాల్ని గట్టిపరిచే వ్యాయామాలు ఉన్నాయి, కానీ నెలల తరబడి చెయ్యాలి. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో డిజిరిడూ అనే ఆస్ట్రేలియా ఊదుడు వాద్యాన్ని నాలుగు నెలలు సాధన చేసినవారికి పగటి మగత తగ్గింది, వాళ్ళ పక్కన పడుకునేవారికి నిద్రాభంగమూ తగ్గింది. 2017లో దానికి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్‌లో శాంతి బహుమతి వచ్చింది. ఆ నాలుగు నెలలూ సాధన విన్న ఇరుగుపొరుగు శాంతి సంగతి అందులో లెక్కేశారో లేదో మరి.

అర్ధరాత్రి ఒప్పందం

నిద్రలో ఉన్నవారిని ఎలా కదపాలో పగలే మాట్లాడుకోండి. "అన్నయ్యా, నువ్వు వెల్లకిలా తిరిగితే గురక వస్తోంది. రాత్రి భుజం తట్టి పక్కకి తిరగమంటాను, ఏమనుకోకు" అంటే ఎవరూ నొచ్చుకోరు. అదే మాట రాత్రి రెండింటికి విసురుగా అంటే గొడవవుతుంది. భుజం మీద మెల్లగా తట్టి "పక్కకి తిరుగు" అంటే చాలామంది పూర్తిగా మేలుకోకుండానే తిరుగుతారు. దిండు విసరడం, దుప్పటి లాగడం వల్ల ఇద్దరి నిద్రా పోతుంది. రెండుసార్లు తట్టినా ఆగకపోతే ఇక గడియారం చూస్తూ లెక్కపెట్టుకోకండి. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టుకోండి, చాలాసార్లు అది జారి ఉంటుంది. తలుపున్న చోటు ఉంటే దుప్పటి తీసుకుని అక్కడికి వెళ్ళిపోండి.

మామూలు గురక కానప్పుడు

ఒకే గదిలో పడుకోవడం వల్ల ఒక మేలుంది. ఒంటరిగా పడుకునే మనిషి నిద్రలో ఏం జరుగుతోందో మొదటిసారి ఇంకొకరు చూస్తారు. గురక ఒక్కసారి ఆగి, పది సెకన్లో అంతకంటే ఎక్కువో నిశ్శబ్దం, తర్వాత ఉక్కిరిబిక్కిరై పెద్ద శబ్దంతో మళ్ళీ ఊపిరి. ఇది రాత్రంతా జరుగుతుంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి. పొద్దున్న తలనొప్పి, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, పగలు కూర్చుంటే కునుకు పట్టడం కూడా తోడైతే అనుమానం బలపడుతుంది. ఎత్తైన కొండ ప్రాంతాల్లో నిద్రలో ఊపిరి ఇంకా తడబడుతుంది. ఆ మనిషి ముందే ఒప్పుకుంటే రెండు నిమిషాల వీడియో తీసి ఇవ్వండి, తిరిగొచ్చాక డాక్టరుకి అది చాలా ఉపయోగపడుతుంది. నవ్వుకోవడానికి గ్రూపులో పెట్టే వీడియో కాదది. పిల్లలు వారంలో ఎక్కువ రాత్రులు గురక పెడుతుంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించాలి. గర్భిణికి కొత్తగా గురక మొదలైతే తన డాక్టరుకి చెప్పాలి, రక్తపోటు కూడా ఉంటే మరీను.

ఆప్నియాకి సీప్యాప్ యంత్రం (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా ఉంచేది) వాడేవాళ్ళు "నాలుగు రోజులే కదా" అని ఇంట్లో వదిలి వస్తుంటారు. అది వేసుకోని మొదటి రాత్రే గురక, ఊపిరి ఆగడం రెండూ తిరిగొస్తాయి. 1981లో సిడ్నీలో కొలిన్ సల్లివాన్ బృందం దీన్ని పరిచయం చేసినప్పటి యంత్రాలు పెద్దవి, హోరెత్తేవి. ఇప్పటివి చేతిసంచిలో పడతాయి, చప్పుడు ఫ్యాన్ కంటే తక్కువ. లగేజీలో వెయ్యకుండా చేత్తోనే పట్టుకెళ్ళండి. గాలికి తేమ కలిపే తొట్టిలో నీళ్ళు పూర్తిగా పారబోశాకే యంత్రాన్ని కదపాలి, లేకపోతే నీళ్ళు మోటారులోకి పోతాయి. మంచం దగ్గర ప్లగ్ పాయింటు ఉండదన్న లెక్కతో ఎక్స్‌టెన్షన్ తీగ, వేరే దేశమైతే అక్కడి సాకెట్టుకు సరిపడే అడాప్టరు పెట్టుకోండి. యంత్రం తీగకి ఉండే కరెంటు డబ్బా మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూడండి. విడి లిథియం బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపైతే విమానంలో చేతిసంచిలో తీసుకెళ్ళొచ్చు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, చెక్-ఇన్ సామానులో అసలు పెట్టకూడదు. రాత్రి మాస్కు పక్కలనుంచి స్‌స్‌ మని గాలి కారుతుంటే అది పక్కవారిని గురకలాగే లేపుతుంది. పట్టీల బిగువు కూర్చుని కాక పడుకున్నాక సరిచూసుకోవాలి.

మర్నాడు కారు నడపాల్సిన రోజయితే తాళాలు రాత్రి బాగా పడుకున్నవాళ్ళకి ఇవ్వండి. గురక పెట్టినవారు ఎనిమిది గంటలు పడుకుని లేచినట్టు కనిపించవచ్చు, ఆప్నియా ఉంటే అది నిద్ర కింద లెక్క కాదు. ఇద్దరికీ కళ్ళు మూతపడుతుంటే బయల్దేరడం రెండు గంటలు వాయిదా వేసి పగలే ఒక కునుకు తీయండి.